ఎదురుకొట్టు రక్తం

జూన్ 4. ఆస్పత్రి

జ్వరం ఎంతుందో, మాత్ర ఎప్పుడు వేసుకున్నానో రాసిపెట్టమని మా ఆయన ఈ డైరీ తెచ్చి ఇచ్చాడు. అవన్నీ నర్సమ్మ రాసుకుంటూనే ఉంది. ఒకే జ్వరాన్ని ఇద్దరం రాయడం ఎందుకు? నా గోడు నేను రాసుకుంటాను.

గర్భసంచి తీసేశారు. ఈ వయసులో దానితో పనేముంది, పోతే పోయిందనుకున్నాను. పోతూ పోతూ అది నా ఒంట్లో రక్తమంతా పట్టుకుపోయిందట. బయటి రక్తం ఎక్కించాల్సి వచ్చిందని ఇవాళ చెప్పారు.

"ఎవరిచ్చారు?" అన్నాను.

మా ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. పెళ్లయినప్పటి నుంచీ చూస్తున్నాను, చెప్పకూడనిది చెప్పాల్సి వస్తే ఈయనకు ఒక కిటికీ కావాలి.

"నాకు బీపీ ఉందని వద్దన్నారు. తమ్ముడేమో సూది చూసి కుర్చీలోంచి జారిపోయాడు. వాడికే సెలైన్ పెట్టాల్సొచ్చింది."

"అయితే?"

"వాళ్లావిడ ఇచ్చింది."

"ఎవరూ? ఎదురుకొట్టా?"

నా కేకకు నర్సమ్మ పరుగెత్తుకొచ్చింది. కుట్లు ఊడతాయమ్మా అని కసిరింది. ఊడితే ఊడనీ, ఆ రక్తమైనా బయటికి పోతుంది.

జూన్ 5

నా తోడికోడలి రక్తం నా ఒంట్లో. రాసి చూసుకున్నా నమ్మబుద్ధి కావడం లేదు.

అత్తగారు పోయాక ఆవిడ బేకరీ రెండయింది. పాత కొట్టు మాకొచ్చింది. మరిదీ, తోడికోడలూ రోడ్డుకు అవతల సరిగ్గా మా గుమ్మానికి ఎదురుగా కొత్తది తెరిచారు. నేను బోర్డు మీద "అసలైన పాత బేకరీ" అని రాయించాను. వారం తిరక్కుండా వాళ్ల బోర్డు మీద "అంతకన్నా పాత బేకరీ" అని వెలిసింది. రంగు వాసనైనా పోలేదు, పాతదట! అప్పటి నుంచి దానికీ నాకూ మాటల్లేవు. దాని పేరు కూడా నా నోట రాదు. ఎదురుకొట్టు అంటాను, అందరికీ అర్థమవుతుంది.

అసలు గొడవ బోర్డు కాదు, పులిపిండి. మా రొట్టె పొంగాలన్నా, దానికి ఆ చిరుపులుపు రావాలన్నా అత్తగారి జాడీలోని పులిపిండి కలపాల్సిందే. రోజూ కొంత తీసి వాడుకుంటాం, తీసినంత మేర పిండీ నీళ్లూ పోసి నింపుతాం. పొద్దునా సాయంత్రం తిండి పెట్టకపోతే చచ్చిపోతుంది. అత్తగారు కాపురానికి రాక ముందు నుంచే ఉందని దాన్ని అందరం పెద్దావిడ అంటాం. అత్తగారు పోయే ముందు పెద్దావిడను రెండు జాడీల్లోకి పంచి చెరొకటి మా చేతుల్లో పెట్టింది. ఆవిడ పెట్టినట్టే నేను తెల్లటి మైదా పెడుతూ వస్తున్నాను. ఎదురుకొట్టేమో పొట్టు తీయని ముడి గోధుమపిండి పెడుతుంది. "బలం కదక్కా" అంది అప్పట్లో. సాక్షాత్తూ అత్తగారి నోట్లో పొట్టు కుక్కినట్టు అనిపించింది నాకు.

కాబట్టి అసలైన పెద్దావిడ మా జాడీలోనే ఉంది. అవతల ఉన్నది దారి తప్పింది.

జూన్ 5, సాయంత్రం

పెద్దావిడకు తిండి పెడుతున్నారా అని అడిగాను. పెడుతున్నానన్నాడు మా ఆయన. కిటికీలోంచి బయటికి చూస్తూ.

జూన్ 8. ఇల్లు

మెట్లు దిగకూడదు, బరువు ఎత్తకూడదు అని డాక్టరమ్మ పంపించింది. కింద కొట్టు, పైన మేం. అంటే నెలాఖరు దాకా నా కొట్టులోకి నేనే అడుగు పెట్టకూడదు. మంచం కిటికీ పక్కన వేయించుకున్నాను. అక్కడి నుంచి ఎదురుకొట్టు లోపలి గడియారం కూడా కనిపిస్తుంది.

నా ఒంటి గురించి నాకు బెంగ లేదు, దాన్ని చూసుకోవడానికి డాక్టరమ్మ ఉంది. నా బెంగంతా పెద్దావిడ మీదే. మా ఆయన రొట్టె కాల్చడంలో మొనగాడే కానీ ప్రాణమున్నదాన్ని పెంచడం ఆయన వల్ల కాదు. నేను ఊరెళ్లి వచ్చేసరికి ప్లాస్టిక్ మొక్కకు నీళ్లు పోసి, నిజం మొక్కను ఎండబెట్టిన మనిషి. పెద్దావిడ పోయిందంటే మా రొట్టెకూ ఊళ్లోవాళ్ల రొట్టెకూ తేడా ఉండదు. బోర్డు దించుకోవాలి. ఎదురుకొట్టువాళ్లు చూస్తుండగా దించుకోవాలి.

జూన్ 10

నేను టీలో చక్కెర వేసుకోను. ఏనాడూ వేసుకోలేదు. ఇవాళ తాగుతుంటే నోటికి సయించలేదు. ఒక చెంచా వేయించుకున్నాను, చాల్లేదు. రెండు వేయించుకున్నాను. మూడో చెంచాకు ప్రాణం లేచొచ్చింది.

ఎదురుకొట్టు మూడు చెంచాలు వేసుకుంటుంది. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో చక్కెర డబ్బా దగ్గర దాన్ని ఎన్నిసార్లు పట్టుకున్నానో లెక్కలేదు.

కప్పు కింద పెట్టేశాను. తర్వాత మళ్లీ తీసుకున్నాను.

జూన్ 12

మరిది చూడటానికి వచ్చాడు. "ఎలా ఉన్నావు వదినా?" అంటూ దగ్గరికి వచ్చినవాడు, నా చేతి మీద సూది గుచ్చిన చోట నల్లబడ్డ మచ్చ చూసి మంచం కోడు పట్టుకుని కూలబడ్డాడు. మా ఆయన విసనకర్ర కోసం పరుగు. నాకు నవ్వు తన్నుకొచ్చింది. నేను నవ్వితే పెదవి కదలడమే తప్ప చప్పుడు రాదు. ఇవాళ పొట్ట పట్టుకుని, కుట్లు లాగుతున్నా ఆగకుండా, కిటికీ రెక్కలు అదిరేలా నవ్వాను.

అది నా నవ్వు కాదు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. రోజూ రోడ్డు అవతల నుంచి వింటూనే ఉన్నాను.

జూన్ 14

రిటైరైన జడ్జిగారు మా కొట్టుకు పాత బేరం. ఉన్న రొట్టెలన్నీ బొటనవేలితో నొక్కి చూసి, చివరికి మొదట నొక్కిందే తీసుకుంటాడు. సొట్టపడ్డవి మాకు మిగులుతాయి. ఇన్నేళ్లలో ఒక్క మాట అనలేదు నేను. ఇవాళ కిటికీలోంచి తల బయట పెట్టి, "జడ్జిగారూ! నొక్కినవన్నీ మీవే, నొక్కనివే మావి!" అని అరిచాను.

మా ఆయన గుండెలు అరచేత పెట్టుకుని పైకి వచ్చాడు.

"ఏంటే ఆ మాటలు? మతి గాని పోయిందా?"

"నేను అనలేదండీ. ఆ రక్తం అంది."

"ఏ రక్తం?"

"మీరు ఎక్కించిన రక్తమే. దాని నోరు ఊరుకుంటుందా?"

కాసేపు నన్ను ఎగాదిగా చూశాడు. ఏమనుకున్నాడో, "మరి ఆయన నొక్కినవన్నీ కొనుక్కుపోయాడులే" అని చిన్నగా చెప్పి దిగిపోయాడు.

జూన్ 15

రక్తం మీద తోసేయడం బాగుంది. ఇంకా ఎవరెవరికి ఏమేం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

జూన్ 17

ఆడపడుచు ఫోన్ చేసింది. ఆపరేషన్ నాకైతే ఆవిడ తన మోకాళ్ల గురించి చెప్పింది. ఎడమ మోకాలు అయ్యేసరికి నాకు కునుకు పట్టింది. కుడి మోకాలు మధ్యలో నా గురక వినబడిందట. అలిగింది. తప్పు నాది కాదు, రక్తానిది అని మా ఆయన చేత చెప్పించాను. ఆయన కూడా ఆ మాట నమ్మకంగా చెప్పడం నేర్చుకున్నాడు.

జూన్ 18

మా రొట్టె పైకి తెప్పించుకుని తిన్నాను. బాగుంది. నేను లేకపోయినా బాగుంది, అదే నచ్చలేదు. కింద బేరానికి వచ్చినవాళ్లు కూడా "ఏమాత్రం తేడా లేదండీ" అంటున్నారట. పెద్దావిడ నా పరువు నిలబెట్టింది.

పులుపు కాస్త ఎక్కువైనట్టు అనిపించింది. రక్తం మారితే నాలుక మారదా మరి!

జాడీ ఒకసారి పైకి తెమ్మన్నాను. మెట్ల కుదుపుకు పొంగు పోతుందన్నాడు. ఇన్నేళ్లలో ఆ మాట ఎక్కడా వినలేదు. మంచికే చెప్పి ఉంటాడు.

జూన్ 20

తెల్ల రొట్టెలో గోధుమరంగు నలుసులు కనిపిస్తున్నాయి. కళ్లద్దాలు మార్చుకోవాలి.

జూన్ 21

జాడీ తెమ్మన్నాను. తడిగా ఉందన్నాడు.

జూన్ 22

జాడీ తెమ్మన్నాను. నిద్రపోతోందన్నాడు.

జూన్ 24

ఎదురుకొట్టు పొద్దుటి నుంచి గుమ్మంలో నిలబడి వచ్చేపోయేవాళ్లకు ఒకటే ఉపన్యాసం. "మా అక్కను నిలబెట్టింది నా రక్తమే! ఇటు నా చేతిలోంచి తీశారు, అటు ఆవిడ చేతికి ఎక్కించారు!" పక్కపక్క మంచాల మీద పడుకున్నట్టు చెబుతోంది. రక్తం ఇచ్చినందుకు ఇచ్చిన కార్డును రొట్టెల బల్ల వెనక గోడకు అంటించుకుంది. ఇక్కడికి కనిపిస్తూనే ఉంది.

మధ్యలో ఒకసారి తలెత్తి నా కిటికీ వైపు చూసింది. నేను కర్టెన్ లాగేసుకున్నాను. కాసేపయ్యాక కొంచెం తీశాను. ఇంకా చూస్తోంది.

ఎంత వెటకారంగా రాసుకున్నా ఒక మాట మాత్రం తప్పించుకోలేను. ఇన్నేళ్లు మొహం చాటేసినదాన్ని. అయినా నా కోసం చెయ్యి చాపింది. తలుచుకుంటే కొంగు కళ్ల దగ్గరికి పోతోంది. అది కూడా రక్తం పనే అయి ఉంటుంది.

జూన్ 29

ఆస్పత్రి బ్లడ్ బ్యాంకులో పనిచేసే అమ్మాయి రొట్టెలకు వచ్చి, ఎలా ఉన్నానో చూసి పోదామని పైకి వచ్చింది. కూర్చోబెట్టి టీ ఇప్పించి నా కష్టాలన్నీ చెప్పుకున్నాను. చక్కెర, నవ్వు, నోరు, నిద్ర. దీనికి మందేమైనా ఉందా అని అడిగాను.

ఆ పిల్ల కప్పు పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంది. ఏడ్చి కాదు, నవ్వి.

"ఆంటీ, ఆవిడ రక్తం మీకు ఎక్కించలేదు."

"అదేంటి? ఇచ్చింది కదా!"

"ఇచ్చారు. అది మా నిల్వలోకి పోతుంది. దానికి బదులు మీ గ్రూపుకు సరిపడేది నిల్వలోంచి తీసిస్తాం. ఆవిడ గ్రూపు బి, గోడకు అంటించుకుని ఊరంతటికీ చూపిస్తూనే ఉన్నారుగా. మీది ఓ. ఆవిడ రక్తం మీకు ఎక్కిస్తే ఇవాళ మీరిలా నాకు టీ ఇచ్చేవాళ్లు కాదు."

"మరి నాలో ఉన్నది ఎవరిది?"

"ఎవరో ఒకరిది. మేం చెప్పం. అయినా ఎవరి రక్తం ఎక్కించినా గుణాలు రావు ఆంటీ. చక్కెర తినాలనిపిస్తే అది మీకే అనిపించినట్టు."

జూన్ 29, సాయంత్రం

అయితే ఆ జడ్జిగారిని అన్నది నేనే.

జూన్ 30

ఏమీ రాయబుద్ధి కావడం లేదు. టీ తాగాను. మూడు చెంచాలు. నావే.

జూలై 1

ఇవాళ్టి నుంచి మెట్లు దిగొచ్చని డాక్టరమ్మ చెప్పింది. రేపు ఎదురుకొట్టుకు వెళ్తాను. బేరాలు బాగా ఉన్న వేళ చూసి వెళ్తాను. దాని గోడ మీది కార్డు వైపు వేలు చూపించి, "నీది బి, నాది ఓ, నీ రక్తం నాకు చుక్క కూడా ఎక్కలేదు" అంటాను. అద్దం ముందు నిలబడి అని చూసుకున్నాను. "చుక్క కూడా" దగ్గర కాస్త ఆగితే బాగుంటుంది.

జూలై 2

మధ్యాహ్నం మా ఆయన బల్ల మీద తల వాల్చి కునుకు తీస్తుండగా మెట్లు దిగాను. ఎదురుకొట్టుకు వెళ్లే ముందు పెద్దావిడను పలకరించి పోదామని వంటశాలలోకి వెళ్లాను.

జాడీ మూతికి కట్టిన గుడ్డ ముడి నాది కాదు. మా ఆయనదీ కాదు, ఆయనకు షూ లేసులే కట్టుకోవడం రాదు. గుడ్డ విప్పాను. పెద్దావిడ నిండుగా, నురగలు కక్కుతూ, హాయిగా ఉంది. ఒంటి నిండా గోధుమ పొట్టు నలుసులు.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను.

వెనక మా ఆయన లేచి నిలబడ్డాడు. పాపం, మా వంటశాలకు కిటికీ లేదు. అటు చూశాడు, ఇటు చూశాడు, చివరికి పొయ్యి వైపు తిరిగి చెప్పాడు.

"నువ్వు లోపల ఆపరేషన్ బల్ల మీద ఉన్నావు. నాకు పిండి గుర్తొస్తుందా? నువ్వు కళ్లు తెరిచాక, ఇంటికొచ్చి చూస్తే జాడీలో గులాబీ రంగు చారలు, కంపు. అది ఇక బతకదని నాకూ తెలుసు. పారబోశాను. ఇక్కడే కూర్చుని ఏడ్చాను."

"తర్వాత?"

"ఆ ఏడుపు రోడ్డు అవతల చిన్నకోడలికి వినబడ్డట్టుంది. తన జాడీలోంచి సగం పాలగిన్నెలో పోసుకుని, మీద పళ్లెం బోర్లించి పట్టుకొచ్చింది. 'బావగారూ, అక్కకు చెప్పొద్దు. తన పెద్దావిడ పోయిందని తెలిస్తే లేవదు' అంది. నువ్వు పెట్టినట్టే మైదా పెట్టాం. ముట్టుకోలేదు, పొంగలేదు, అలిగి కూర్చుంది. అప్పటి నుంచి రోజూ తెల్లారకుండా వెనక తలుపులోంచి వచ్చి, తనే ముడిపిండి పెట్టి పోతోంది."

"రోజూనా?"

"రోజూ. నువ్వు పైన దాన్ని తిడుతుంటే అది కింద పిండి కలిపేది. ఒక్కోసారి నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది."

కోపం తెచ్చుకుందామని చూశాను. ముక్కు మీద ఉండే కోపం, వెతికినా దొరకలేదు. రెండు వారాలుగా నేను మెచ్చుకుంటూ తిన్న రొట్టె దాని పెద్దావిడది. నా పరువు నిలబెట్టిందని ఇదే డైరీలో రాసుకున్నాను. నా ఒంట్లోకి దాని చుక్క ఎక్కలేదు కానీ, నా జాడీలో ఉన్నదంతా దానిదే.

జాడీ గుడ్డ మళ్లీ కట్టేశాను. దాని ముడిలాగే కట్టడానికి ప్రయత్నించాను, రాలేదు. అక్కడే పిండి బస్తా మీద కూర్చుని ఏడ్చాను. మా ఆయన పక్కన కూర్చుని, ఎక్కడ చెయ్యి వేయాలో తెలీక నా భుజం మీది పిండి దులుపుతూ ఉన్నాడు.

ఎదురుకొట్టుకు వెళ్లలేదు.

జూలై 3

వెళ్లాను.

రోడ్డు దాటడం చేతనైంది కానీ వాళ్ల గుమ్మం దాటడం కష్టమైంది. కొట్టు నిండా బేరాలు, మధ్యలో జడ్జిగారు. నిన్న మా దగ్గర, ఇవాళ వాళ్ల దగ్గర, నొక్కుతూనే ఉన్నాడు. నన్ను చూడగానే బొటనవేలు వెనక్కి తీసుకున్నాడు.

చిన్నది నన్ను చూసి చేతిలో తట్ట అక్కడే పెట్టేసి వచ్చింది.

"అక్కా! దిగొచ్చేశావా! ఏదీ, నా రక్తం ఎలా ఉంది?"

అందరూ నా వైపు తిరిగారు. దాని తల మీదుగా గోడకు అంటించిన కార్డు, దాని మీద పెద్ద అక్షరంతో బి. అద్దం ముందు సాధన చేసిన మాట నోటి చివరి దాకా వచ్చింది. "చుక్క కూడా" దగ్గర ఆగడం కూడా గుర్తుంది. దాని చేతులు చూశాను. గోళ్ల సందుల్లో ముడిపిండి. ఆ పిండిలో ఎంత వాళ్లదో, ఎంత మా జాడీదో.

"ఏం చెప్పనే? పొద్దస్తమానం చక్కెర అడుగుతోంది" అన్నాను.

కొట్టు అదిరేలా నవ్వింది. నేనూ నవ్వాను. రెండు నవ్వులూ ఒక్కలాగే ఉన్నాయని జడ్జిగారు అన్నాడు. "ఉండవా మరి! అంతా నా రక్తమే" అని చిన్నది ఆయన చేతిలో నొక్కిన రొట్టెలన్నీ పెట్టి పంపించింది.

లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చింది. మూడు చెంచాలు వేసి నా మొహం వైపు చూసింది. నాలుగోది కూడా వెయ్యమన్నాను.

"పెద్దావిడ ఎలా ఉందక్కా?" అంది, గొంతు మామూలుగా పెట్టడానికి నానా అవస్థ పడుతూ. "బావగారు సరిగ్గా చూసుకున్నారా?"

"బ్రహ్మాండంగా చూసుకున్నారు" అన్నాను. "మైదా తింటూ, తెల్లగా, నేను వదిలి వెళ్లినట్టే ఉంది."

వాళ్ల కొట్టులో పెద్ద కిటికీ ఉంది. దాంట్లోంచి మా బోర్డు బాగా కనిపిస్తుంది. అటు చూస్తూ చెప్పాను.

జూలై 5

బ్లడ్ బ్యాంకు అమ్మాయి రొట్టెలకు వచ్చింది. ఆ బి, ఓ సంగతి రోడ్డు అవతల ఎత్తొద్దని మాట తీసుకున్నాను.

"అబద్ధం కదాంటీ!" అంది.

"నాది ఎవరి రక్తమో నువ్వు చెప్పవు. చెప్పనిదాంట్లో అబద్ధం ఏముంది? దాని రక్తం ఎక్కినవాళ్లు ఎవరో ఉంటారుగా, వాళ్లకు చెప్పు చక్కెర డబ్బా దాచుకోమని."

మాటిచ్చి, ఒక బన్ను ఎక్కువ పట్టుకుపోయింది.

జూలై 6

నేను కిందికి దిగానని తెలిశాక చిన్నది తెల్లారి వెనక తలుపు దగ్గరికి రావడం మానేసింది. ఇక పెద్దావిడ సంగతి అక్క చూసుకుంటుందనుకుని ఉంటుంది. మైదా డబ్బా తీశాను. జాడీ గుడ్డ విప్పి చూస్తే, నిన్న సాయంత్రం నేను పెట్టిన మైదా మీద పలచటి నీళ్లు తేలి, అలిగిన మొహం పెట్టుకుని కూర్చుంది పెద్దావిడ.

మా ఆయన పిండిమిల్లు నుంచి వచ్చేదాకా ఆగలేదు. పక్క వీధి కిరాణా కొట్టుకు నేనే వెళ్లాను. పొట్టు తీయనిదేనా అని రెండుసార్లు అడిగి మరీ ముడి గోధుమపిండి తెచ్చాను. సంచిని మైదా బస్తా వెనకాల దాచాను. రెండు గుప్పెళ్లు వేసి, నీళ్లు పోసి కలిపాను. మధ్యాహ్నానికి గుడ్డను తోసుకుని పైకి వచ్చింది.

అత్తగారు చూస్తే ఏమంటుందో తెలీదు. చిన్నదానికి మాత్రం చచ్చినా చెప్పకూడదు.